ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ బ్యాకప్, రీస్టోర్: బ్యాకప్ ఫైల్లో వచ్చేవేంటి, పాత సర్వర్లోనే ఉండిపోయేవేంటి

మీరు అడిగింది ఇది: మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012లో ఉన్న డేటాబేస్‌కి (అది మొదట 2008 ఆర్2లో పుట్టింది) ఫుల్ బ్యాకప్ తీసి, కొత్త మెషీన్‌లో 2019 మీద రీస్టోర్ చేశారు. టేబుళ్లు, ప్రొసీజర్లు అన్నీ పనిచేస్తున్నాయి. కంటెయిన్స్, ఫ్రీటెక్స్ట్ (టెక్స్ట్ లోపలి మాటల్ని ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్‌లో వెతికే కమాండ్లు) వాడిన క్వెరీలు మాత్రం ముందు ఎర్రర్ ఇచ్చాయి. ఆ ఎర్రర్ ఎలాగో పోయాక ఇప్పుడు పాత సర్వర్ కన్నా తక్కువ రికార్డులు ఇస్తున్నాయి. ఫుల్‌టెక్స్ట్ కేటలాగ్‌ను (ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సుల గుంపు) విడిగా బ్యాకప్ తీయాల్సి ఉందా, ఇప్పుడు మొత్తం రీబిల్డ్ (మొదటి నుంచి మళ్లీ కట్టడం) చేసేయమంటారా అని.

కేటలాగ్‌కి విడి బ్యాకప్ అక్కర్లేదు. రీబిల్డ్ కూడా ఇంకా మొదలుపెట్టకండి. 2008 నుంచి ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ డేటాబేస్ లోపలే, మామూలు డేటా ఫైళ్లలోనే ఉంటోంది. ఫుల్ బ్యాకప్‌లో అది వచ్చేస్తుంది, డిఫరెన్షియల్‌లో (చివరి ఫుల్ తర్వాత మారినవే తీసే బ్యాకప్), లాగ్ (మార్పుల చిట్టా) బ్యాకప్‌లో దాని మార్పులూ వస్తాయి. మీకు రానిది ఇండెక్స్ కాదు, ఇండెక్స్ చుట్టూ సర్వర్ మీద ఉండే సరంజామా. ఫుల్‌టెక్స్ట్ ఫీచర్, దాని సర్వీసు, థిసారస్ (పర్యాయపదాల) ఫైళ్లు, పీడీఎఫ్ చదివే ఫిల్టర్లు, వాక్యాన్ని మాటలుగా విడగొట్టే వర్డ్ బ్రేకర్లు ఇవేవీ బ్యాకప్ ఫైల్లో ఉండవు. రాలేదని రీస్టోర్ చెప్పదు కూడా.

ఒక మాట ముందే. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మేనేజ్‌మెంట్ స్టూడియోలో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. చుక్కలు, అండర్‌స్కోర్లు ఉన్నచోట ఉన్నట్టే పెట్టాను.

విడిగా తీయాలన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 2000 వెర్షన్‌లో నిజంగానే అలా ఉండేది. ఎంఎస్‌సెర్చ్ అనే వేరే సర్వీసు కింద కేటలాగ్ ఒక ఫోల్డర్‌గా ఉండేది, డేటాబేస్ బ్యాకప్‌కి దాంతో సంబంధం లేదు. సర్వీసు ఆపి ఫోల్డర్ కాపీ చేసుకునేవాళ్లు. 2005లో ఫోల్డర్ అలాగే ఉండి బ్యాకప్‌లోకి వచ్చింది. 2008లో ఫోల్డర్ పోయింది, కేటలాగ్ అనేది కొన్ని ఇండెక్సులకు పెట్టిన ఉమ్మడి పేరుగా మిగిలింది. దానికి ఫైల్‌గ్రూప్ (డేటా ఫైళ్ల గుంపు) ఉండదు. ఫైల్‌గ్రూప్ ఉండేది ఒక్కో ఇండెక్స్‌కి. నెట్‌లో దొరికే సలహాల్లో మూడు కాలాలవీ కలిసిపోయి ఉంటాయి. చదివేముందు అది ఏ వెర్షన్ గురించో చూసుకోండి.

ముందు ఎర్రర్ సంగతి. మీకు వచ్చింది 7609 అయితే ఆ ఇన్‌స్టన్స్‌లో (మెషీన్ మీద నడిచే ఆ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో) ఫుల్‌టెక్స్ట్ ఫీచర్ లేదనో, దాని భాగమేదో లోడ్ కాలేదనో అర్థం. ఇలా అడగండి:

సెలెక్ట్ సర్వర్‌ప్రాపర్టీ('ఈజ్‌ఫుల్‌టెక్స్ట్‌ఇన్‌స్టాల్డ్')

1 రావాలి. 0 వస్తే సెటప్ మళ్లీ నడిపి ఉన్న ఇన్‌స్టన్స్‌కే ఫుల్‌టెక్స్ట్ ఫీచర్ కలపాలి. డేటాబేస్‌ను మళ్లీ రీస్టోర్ చేయక్కర్లేదు, లోపలి ఇండెక్స్ అలాగే ఉంటుంది. డెవలపర్లు తమ ల్యాప్‌టాప్ మీద ఎక్స్‌ప్రెస్‌లోకి రీస్టోర్ చేసుకుని ఇక్కడే ఇరుక్కుంటారు. 2022 వెర్షన్ దాకా ఎక్స్‌ప్రెస్‌లో అడ్వాన్స్‌డ్ సర్వీసెస్ ఉన్న ఎడిషన్‌కే ఫుల్‌టెక్స్ట్ ఉంది, లోకల్‌డీబీలో అసలు లేదు. లైనక్స్‌లో అది ఎంఎస్‌ఎస్‌క్యూఎల్-సర్వర్-ఎఫ్‌టీఎస్ అనే వేరే ప్యాకేజీ. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు డాకర్ ఇమేజ్‌లో అది ఉండదు, మీరే దాని మీద ఇంకో ఇమేజ్ కట్టుకోవాలి.

వచ్చింది 30046 అయితే ఫీచర్ ఉంది గానీ ఎఫ్‌డీహోస్ట్ ప్రాసెస్‌తో (ఫిల్టర్లు, వర్డ్ బ్రేకర్లు నడిపే విడి ప్రోగ్రామ్) మాట కలవట్లేదు. విండోస్ సర్వీసుల్లో 'ఎస్‌క్యూఎల్ ఫుల్‌టెక్స్ట్ ఫిల్టర్ డీమన్ లాంచర్' నడుస్తోందో లేదో చూడండి. ఆగి ఉంటే మొదలుపెట్టి, ఈ కమాండ్ ఇవ్వండి:

ఎగ్జెక్ ఎస్‌పీ_ఫుల్‌టెక్స్ట్_సర్వీస్ 'రీస్టార్ట్_ఆల్_ఎఫ్‌డీహోస్ట్స్'

ఈ సర్వీసు ఆగిపోతే వచ్చే చిక్కు రెండు వైపులా ఉంటుంది. వర్డ్ బ్రేకర్లు నడిచేది ఎఫ్‌డీహోస్ట్ లోపల. కొత్త రికార్డులు ఇండెక్స్‌లోకి ఎక్కేటప్పుడూ అవి కావాలి, మీరు వెతికే మాటను ముక్కలు చేసేటప్పుడూ అవే కావాలి. అందుకే ఇండెక్స్ నిక్షేపంలా ఉన్నా క్వెరీ పడిపోతుంది.

ఇక మీ అసలు బాధ, ఎర్రర్ లేకుండా తక్కువ రికార్డులు రావడం. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు, మూడూ వేర్వేరు తీరులో కనిపిస్తాయి.

మొదటిది థిసారస్. పర్యాయపదాల ఫైళ్లు డేటాబేస్‌లో ఉండవు. ఇన్‌స్టన్స్ ఫోల్డర్ కింద ఎంఎస్‌ఎస్‌క్యూఎల్, దాని కింద ఎఫ్‌టీడేటా అనే ఫోల్డర్‌లో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా ఉంటాయి. అమెరికన్ ఇంగ్లిష్‌ది టీఎస్‌ఈఎన్‌యూ, అన్ని భాషలకూ కలిపి టీఎస్‌గ్లోబల్. కొత్త ఇన్‌స్టన్స్‌లో ఈ ఫైళ్లు ఉంటాయి కానీ లోపలున్నది కామెంట్‌లో పెట్టిన ఉదాహరణ మాత్రమే. కాబట్టి ఫైల్ లేదన్న ఎర్రర్ రాదు, పర్యాయపదాల ఫలితాలు చప్పుడు లేకుండా మాయమవుతాయి. దీని గుర్తు ఒకటుంది: ఫ్రీటెక్స్ట్ క్వెరీల్లో, ఫారమ్స్‌ఆఫ్ థిసారస్ అని రాసిన కంటెయిన్స్ క్వెరీల్లో మాత్రమే తగ్గుదల కనిపిస్తుంది, ఒక్క మాటతో రాసిన మామూలు కంటెయిన్స్‌లో లెక్క సరిపోతుంది. ఫ్రీటెక్స్ట్ అడగకుండానే థిసారస్ చూస్తుంది, కంటెయిన్స్ మీరు అడిగితేనే చూస్తుంది. అదీ తేడా.

మందు తేలిక. పాత సర్వర్ నుంచి మార్చిన ఫైళ్లను కాపీ చేసి, భాష సంఖ్యతో లోడ్ చేయండి:

ఎగ్జెక్ సిస్.ఎస్‌పీ_ఫుల్‌టెక్స్ట్_లోడ్_థిసారస్_ఫైల్ 1033

థిసారస్ పని క్వెరీ వేళే జరుగుతుంది, ఇండెక్స్‌తో సంబంధం లేదు. కాబట్టి రీబిల్డ్ అవసరమే లేదు. ఫైల్‌ను ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటే యూనికోడ్‌లో, బైట్ ఆర్డర్ మార్క్‌తో సేవ్ అయిందో లేదో చూడండి. అది లేకపోతే ఫైల్ సరిగా లోడ్ కాదు. ఆల్వేస్ ఆన్ (డేటాబేస్ కాపీలను వేర్వేరు సర్వర్లలో ఉంచే సౌకర్యం) వాడేవాళ్లు ఈ ఫైళ్లను ప్రతి రెప్లికా (కాపీ ఉన్న సర్వర్) మీదా విడిగా పెట్టుకోవాలి. ఇండెక్స్ రెప్లికాకి దానంతటది వెళ్తుంది, ఫైళ్లు వెళ్లవు. ఫెయిల్‌ఓవర్ (పని ఇంకో రెప్లికాకి మారడం) అయిన రోజే ఈ సంగతి బయటపడటం మామూలు.

రెండోది ఫిల్టర్లు. వర్‌బైనరీ (ఫైళ్లను ఉన్నట్టే దాచే) కాలమ్‌లో పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు పెట్టుకుని వాటి లోపలి మాటల్ని వెతికేవాళ్లకే ఇది. పీడీఎఫ్ ఫిల్టర్, ఆఫీస్ ఫిల్టర్ ప్యాక్ విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేవి. కొత్త మెషీన్‌లో లేకపోతే జరిగేది తమాషాగా ఉంటుంది: రీస్టోర్‌తో వచ్చిన పాత పీడీఎఫ్‌లు అన్నీ దొరుకుతాయి, ఎందుకంటే వాటి మాటలు అప్పటికే ఇండెక్స్‌లో ఉన్నాయి. రీస్టోర్ తర్వాత ఎక్కించిన పీడీఎఫ్‌లు ఒక్కటీ దొరకదు. మొదటి రోజు పరీక్షలో అంతా బాగుందనిపించి, రెండు వారాలకి ఫిర్యాదు వచ్చే కేసు ఇదే. ఇలాంటి స్థితిలో 'ఎందుకైనా మంచిది' అని రీబిల్డ్ కొట్టారంటే పాత పీడీఎఫ్‌లూ పోతాయి. పైన రీబిల్డ్ వద్దన్నది అందుకే.

సిస్.ఫుల్‌టెక్స్ట్_డాక్యుమెంట్_టైప్స్ అనే వ్యూలో డాట్ పీడీఎఫ్ వరుస ఉందో లేదో రెండు సర్వర్లలోనూ చూసి పోల్చండి. లేకపోతే 64 బిట్ ఫిల్టర్ ఇన్‌స్టాల్ చేయండి. అడోబీ వాళ్ల ఫిల్టర్ అయితే దాని బిన్ ఫోల్డర్‌ను సిస్టమ్ పాత్‌లో చేర్చాలి. తర్వాత:

ఎగ్జెక్ ఎస్‌పీ_ఫుల్‌టెక్స్ట్_సర్వీస్ 'లోడ్_ఓఎస్_రిసోర్సెస్', 1
ఎగ్జెక్ ఎస్‌పీ_ఫుల్‌టెక్స్ట్_సర్వీస్ 'రీస్టార్ట్_ఆల్_ఎఫ్‌డీహోస్ట్స్'

వ్యూలో ఇంకా కనిపించకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసును ఒకసారి రీస్టార్ట్ చేయండి. డాట్ పీడీఎఫ్ కనిపించాకే, మధ్యలో తప్పిపోయిన రికార్డుల కోసం పాపులేషన్ (రికార్డుల్లోని మాటల్ని ఇండెక్స్‌లోకి నింపడం, దీన్నే క్రాల్ అనీ అంటారు) నడపండి. ఏవి తప్పాయో క్రాల్ లాగ్ చెబుతుంది. అది ఎర్రర్ లాగ్ ఉండే ఫోల్డర్‌లోనే ఉంటుంది. పేరు ఎస్‌క్యూఎల్‌ఎఫ్‌టీ అని మొదలై, అయిదంకెల్లో డేటాబేస్ ఐడీ, ఇంకో అయిదంకెల్లో కేటలాగ్ ఐడీ వస్తాయి. డేటాబేస్ ఐడీ 7, కేటలాగ్ ఐడీ 5 అయితే ఎస్‌క్యూఎల్‌ఎఫ్‌టీ0000700005. వేరే సర్వర్‌కి రీస్టోర్ చేసినప్పుడు డేటాబేస్ ఐడీ మారొచ్చు, కాబట్టి పాత పేరుతో వెతికి లాగ్ లేదనుకోకండి. డీబీ_ఐడీ ఫంక్షన్ అడిగి పేరు కట్టుకోండి.

మూడోది వర్డ్ బ్రేకర్. మీ డేటాబేస్ 2008 ఆర్2లో పుట్టిందన్నారు కాబట్టి దీన్నీ చూడాలి, కానీ ఈ తేడా మీ 2012 సర్వర్‌లోనూ ఉండేదే కాబట్టి కొత్తగా తగ్గిన రికార్డులకు ఇదొక్కటే కారణం కాకపోవచ్చు. 2012లో ఇంగ్లిష్ వర్డ్ బ్రేకర్లను, అమెరికన్‌ది 1033, బ్రిటిష్‌ది 2057, రెంటినీ మార్చారు. 2008 ఆర్2లో కట్టిన ఇండెక్స్‌లో మాటలు పాత కత్తెరతో కోసినవి. 2012కి వచ్చాక మీరు వెతికే మాటను కోసేది కొత్త కత్తెర. మామూలు మాటల్లో తేడా రాదు. హైఫన్లు, అంకెలు, చుక్కలు కలిసిన మాటలు, అంటే పార్ట్ నంబర్లు, జీవో నంబర్లు, ఈమెయిల్‌లు, ఇలాంటి చోట ఇండెక్స్‌లో ఉన్న ముక్క ఒకటి, అడిగే ముక్క ఇంకొకటి కావొచ్చు. అప్‌గ్రేడ్ తర్వాత మారిన రికార్డులు మాత్రం కొత్త పద్ధతిలో ఎక్కి ఉంటాయి, అందుకే ఫలితాలు కొన్ని వస్తాయి, కొన్ని రావు.

ఇది ఊహతో తేల్చక్కర్లేదు, కళ్లతో చూడొచ్చు. అడిగే మాట ఎలా ముక్కలవుతోందో ఇది చూపిస్తుంది:

సెలెక్ట్ స్పెషల్_టర్మ్, డిస్‌ప్లే_టర్మ్ ఫ్రమ్ సిస్.డీఎం_ఎఫ్‌టీఎస్_పార్సర్(ఎన్'"మీ మాట"', 1033, 0, 0)

ఇండెక్స్‌లో నిజంగా ఏ ముక్కలున్నాయో ఇది చూపిస్తుంది:

సెలెక్ట్ డిస్‌ప్లే_టర్మ్, డాక్యుమెంట్_కౌంట్ ఫ్రమ్ సిస్.డీఎం_ఎఫ్‌టీఎస్_ఇండెక్స్_కీవర్డ్స్(డీబీ_ఐడీ(), ఆబ్జెక్ట్_ఐడీ('టేబుల్ పేరు'))

మొదటిదానికి సిస్‌అడ్మిన్ హక్కు కావాలి. రెండోదాన్ని పెద్ద టేబుల్ మీద నడిపేటప్పుడు డిస్‌ప్లే_టర్మ్ మీద షరతు పెట్టుకోండి, లేకపోతే లక్షల మాటలు మీద పడతాయి. పార్సర్ ఇచ్చిన ముక్క కీవర్డ్స్‌లో లేకుండా, దానికి దగ్గరగా ఇంకో ముక్క ఉంటే కేసు తేలినట్టే. దీనికి మందు రీబిల్డ్ ఒక్కటే, ఫిల్టర్లు సరిచూసుకున్నాక.

తెలుగు కాలమ్‌లు ఉన్నవాళ్లకి ఒక చిన్న మాట. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగుకీ వర్డ్ బ్రేకర్ ఉంది, సంఖ్య 1098. పార్సర్‌కి తెలుగు మాట ఇచ్చేటప్పుడు కొటేషన్ ముందు ఎన్ పెట్టడం మరిచిపోతే అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులై పోతాయి, బ్రేకర్ పాడైందని పొరబడతారు. ఇండెక్స్ కాలమ్ ఏ భాషతో నమోదైందో సిస్.ఫుల్‌టెక్స్ట్_ఇండెక్స్_కాలమ్స్‌లో లాంగ్వేజ్_ఐడీ చూడండి. అది ఇండెక్స్‌తో పాటే రీస్టోర్ అవుతుంది, కొత్త సర్వర్ డిఫాల్ట్ భాష వేరే అయినా మారదు. కొత్త సర్వర్ డిఫాల్ట్ ప్రభావం చూపేది, మీరు ఇండెక్స్‌ను తీసేసి భాష రాయకుండా మళ్లీ సృష్టించినప్పుడు.

సర్వర్ సెట్టింగుల్లో ఒకటి కూడా సరిచూడండి: 'ట్రాన్స్‌ఫార్మ్ నాయిజ్ వర్డ్స్'. స్టాప్‌లిస్ట్‌లో (ఇండెక్స్ పట్టించుకోని మాటల జాబితా) ఉన్న మాట యాండ్‌తో కలిపి వచ్చిన క్వెరీకి ఇది 0 ఉంటే ఫలితం సున్నా, 1 ఉంటే ఆ మాటను పక్కనపెట్టి మిగతాది వెతుకుతుంది. పాత సర్వర్‌లో ఎవరో 1 పెట్టి ఉండొచ్చు. ఇది ఇన్‌స్టన్స్ సెట్టింగ్, డేటాబేస్‌తో రాదు. స్టాప్‌లిస్ట్ మాత్రం డేటాబేస్‌లోనే ఉంటుంది, వస్తుంది.

ఇక బ్యాకప్ వైపు. ఏ ఇండెక్స్ ఏ ఫైల్‌గ్రూప్‌లో ఉందో తెలియకుండా ఫైల్‌గ్రూప్ బ్యాకప్‌లు తీసేవాళ్లకి ఈ భాగం ముఖ్యం. సిస్.ఫుల్‌టెక్స్ట్_ఇండెక్సెస్‌లో డేటా_స్పేస్_ఐడీని సిస్.ఫైల్‌గ్రూప్స్‌తో కలపండి, పేరు వస్తుంది. సృష్టించేటప్పుడు ఏమీ చెప్పకపోతే పార్టిషన్ (టేబుల్‌ను భాగాలుగా విడగొట్టడం) లేని టేబుల్ ఇండెక్స్ ఆ టేబుల్ ఉన్న ఫైల్‌గ్రూప్‌లోకే వెళ్తుంది. పార్టిషన్ ఉన్న టేబుల్‌ది ప్రైమరీలోకి, అంటే డేటాబేస్ మొదటి ఫైల్‌గ్రూప్‌లోకి వెళ్తుంది. ఇది చాలామందికి తెలియదు. పెద్ద పార్టిషన్ టేబుల్ పెట్టుకుని ప్రైమరీ చిన్నదనుకుంటూ ఉంటారు, అది లోపల ఫుల్‌టెక్స్ట్‌తో ఉబ్బిపోయి ఉంటుంది. ఒకసారి పెట్టాక ఆల్టర్‌తో ఫైల్‌గ్రూప్ మార్చలేం. డ్రాప్ చేసి, ఆన్ (కేటలాగ్, ఫైల్‌గ్రూప్ పేరు) అని రాసి మళ్లీ సృష్టించాల్సిందే. అంటే పూర్తి పాపులేషన్ ఖర్చు ఉంటుంది.

విడి ఫైల్‌గ్రూప్ మంచిదే, వేరే డిస్క్ మీద పెట్టుకోవచ్చు. కానీ దాన్ని పెట్టేవాళ్లలో చాలామంది మనసులో ఉండే లెక్క వేరు: ఇండెక్స్ ఎప్పుడైనా మళ్లీ కట్టుకోవచ్చు కదా, ఆ ఫైల్‌గ్రూప్ బ్యాకప్ మానేస్తే చోటు మిగులుతుంది అని. ఈ లెక్క తప్పు. పీస్‌మీల్ రీస్టోర్‌లో (ఫైల్‌గ్రూపులను విడతలుగా తెచ్చే రీస్టోర్) టేబుల్ ఫైల్‌గ్రూప్ ఆన్‌లైన్‌కి వచ్చి, ఇండెక్స్ ఫైల్‌గ్రూప్ ఇంకా రాకపోతే ఏం జరుగుతుందో చూడండి. ఫుల్‌టెక్స్ట్ క్వెరీలు ఎర్రర్ ఇస్తాయి, అది ఊహించేదే. కానీ ఛేంజ్ ట్రాకింగ్ (టేబుల్ మార్పుల్ని ఇండెక్స్ కోసం గమనించడం) ఆన్‌లో ఉంటే ఆ టేబుల్‌లోకి ఇన్సర్ట్, అప్‌డేట్ కూడా పడిపోతాయి. డిలీట్‌లూ పడిపోతాయి. పోనీ ఇండెక్స్‌ని డ్రాప్ చేసి మళ్లీ కడదామంటే క్రియేట్, ఆల్టర్, డ్రాప్ ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్, ఆల్టర్ ఫుల్‌టెక్స్ట్ కేటలాగ్ ఇవన్నీ ఆ ఫైల్‌గ్రూప్ ఆన్‌లైన్‌కి వచ్చేదాకా ఫెయిలవుతాయి. అంటే వెతుకులాట ఒక్కటే ఆగిపోతుందనుకున్నది, బిల్లింగ్ టేబుల్‌లో ఎంట్రీ పడనివ్వని పరిస్థితి అవుతుంది. 'మళ్లీ కట్టుకుందాం' అనుకున్న తలుపు కూడా మూసుకుంటుంది.

దీన్నిబట్టి పీస్‌మీల్ రీస్టోర్‌లో వరుస ఇలా ఉండాలి. ముందు టెయిల్ లాగ్ బ్యాకప్ (ఇంకా బ్యాకప్ కాని చివరి లాగ్ భాగం), నోరికవరీతో (ఇంకా రీస్టోర్ చేయాల్సింది ఉందని డేటాబేస్‌ను తెరవకుండా ఉంచే ఆప్షన్). తర్వాత ప్రైమరీ ఫైల్‌గ్రూప్‌ను పార్షియల్, నోరికవరీతో రీస్టోర్. అదే విడతలో, టేబుల్ ఫైల్‌గ్రూప్‌తో పాటు లేదా దానికన్నా ముందే ఇండెక్స్ ఫైల్‌గ్రూప్. తర్వాత లాగ్ బ్యాకప్‌లు వరుసగా, చివరిది రికవరీతో. ఇండెక్స్ ఫైల్‌గ్రూప్ ముందు వస్తే ఇబ్బంది లేదు, అది ఆన్‌లైన్‌కి వచ్చిన వెంటనే ఫుల్‌టెక్స్ట్ పనిచేస్తుంది. చరిత్ర డేటా, పాత ఏళ్ల పార్టిషన్లు తర్వాత తీరిగ్గా తెచ్చుకోవచ్చు. ఒక సంగతి, డేటాబేస్ వాడుకలో ఉండగా మిగతా ఫైల్‌గ్రూపులు తెచ్చుకునే సౌకర్యం ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కే. స్టాండర్డ్‌లో ఆఫ్‌లైన్‌గానే చేయాలి. రాతలు జరిగే ఫైల్‌గ్రూపులను ఒక్కొక్కటిగా బ్యాకప్ తీయాలంటే రికవరీ మోడల్ (లాగ్‌ను ఎలా ఉంచాలో చెప్పే సెట్టింగ్) ఫుల్ లేదా బల్క్‌లాగ్డ్ అయ్యుండాలి, లాగ్ గొలుసు తెగకూడదు. వేర్వేరు వేళల్లో తీసిన ఫైల్‌గ్రూపులను ఒక క్షణానికి తెచ్చేది లాగే.

బ్యాకప్ సైజులు ఉన్నట్టుండి పెరగడం గురించి కూడా. ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ ముక్కలుముక్కలుగా పెరుగుతుంది, వాటిని ఫ్రాగ్మెంట్లు అంటారు. సిస్.ఫుల్‌టెక్స్ట్_ఇండెక్స్_ఫ్రాగ్మెంట్స్‌లో స్టేటస్ 4 లేదా 6 ఉన్నవి వాడుకలో ఉన్నవి. అవి ఎక్కువైతే క్వెరీ నెమ్మదిస్తుంది, రీఆర్గనైజ్ నడిపితే మాస్టర్ మెర్జ్ జరిగి అన్నీ కలుస్తాయి. ఫుల్ రికవరీ మోడల్‌లో ఈ మెర్జ్ లాగ్‌ని బాగా నింపుతుంది. తర్వాతి లాగ్ బ్యాకప్ లావెక్కుతుంది, లాగ్ షిప్పింగ్ (లాగ్ బ్యాకప్‌లను ఇంకో సర్వర్‌కి పంపి అక్కడ రీస్టోర్ చేయడం) ఉంటే అవతలి సర్వర్ వెనకపడుతుంది. ఆ పేజీలన్నీ మారాయి కాబట్టి ఆ రాత్రి డిఫరెన్షియల్ కూడా పెద్దదవుతుంది. కాబట్టి రీఆర్గనైజ్‌ని వారపు ఫుల్ బ్యాకప్‌కి ముందు పెట్టండి, తర్వాత కాదు. శనివారం రాత్రి రీఆర్గనైజ్, ఆదివారం తెల్లవారి ఫుల్ అనుకుంటే ఆ వారమంతా డిఫరెన్షియల్‌లు చిన్నగా ఉంటాయి. ఎక్కువమంది చేసేది దీనికి తిరగేసి.

డేటాబేస్ స్నాప్‌షాట్‌ని (ఒక క్షణంలో డేటాబేస్ ఎలా ఉందో చూపే, చదవడానికి మాత్రమే ఉండే కాపీ) బ్యాకప్‌లా వాడేవాళ్లు జాగ్రత్త. స్నాప్‌షాట్‌లో ఫుల్‌టెక్స్ట్ ఉండదు. రిలీజ్‌కి ముందు స్నాప్‌షాట్ తీసి, ఏదో పోయిందని దానికి రివర్ట్ అయితే ఫుల్‌టెక్స్ట్ కేటలాగ్‌లు డ్రాప్ అవుతాయి. టేబుళ్లు వెనక్కి వస్తాయి, వెతుకులాట రాదు. అందుకే కేటలాగ్, ఇండెక్స్, స్టాప్‌లిస్ట్ సృష్టించే స్క్రిప్టులు విడిగా సోర్స్ కంట్రోల్‌లో ఉండాలి. మేనేజ్‌మెంట్ స్టూడియోలో జెనరేట్ స్క్రిప్ట్స్ వాడి తీసేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 'స్క్రిప్ట్ ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సెస్'ని ట్రూ చేయాలి. డిఫాల్ట్‌గా అది ఫాల్స్. ఈ ఒక్క సెట్టింగ్ వల్ల టెస్ట్ సర్వర్‌లో ఇండెక్స్ లేకుండా తిరిగే డేటాబేస్‌లు ఎన్నో.

రీస్టోర్ మంచిదా రీబిల్డ్ మంచిదా అంటే లెక్క వేసుకోవాల్సింది పాపులేషన్‌కి పట్టే సమయం. సిస్.ఫుల్‌టెక్స్ట్_ఇండెక్సెస్‌లో క్రాల్_స్టార్ట్_డేట్, క్రాల్_ఎండ్_డేట్ ఉంటాయి, కానీ అవి చివరి క్రాల్‌వి. ఆటో ఛేంజ్ ట్రాకింగ్ ఉంటే అక్కడ కనిపించేది ఏదో చిన్న అప్‌డేట్ సమయం. పూర్తి పాపులేషన్ నడిచిన వెంటనే, క్రాల్_టైప్ ఎఫ్ అని ఉన్నప్పుడే ఆ రెండూ రాసిపెట్టుకోండి. పీడీఎఫ్‌లు ఉన్న టేబుళ్లకి ఈ సమయం మామూలు టెక్స్ట్ టేబుళ్లతో పోలికే ఉండదు, ప్రతి ఫైల్ ఫిల్టర్ గుండా పోవాలి. రీబిల్డ్ అంటే ఉన్న కేటలాగ్ పోయి కొత్తది పుట్టడం. అది నిండేదాకా ఫలితాలు అసంపూర్తిగా వస్తాయి. పనివేళల్లో చేస్తే వాడేవాళ్లకి రికార్డులు పోయినట్టే కనిపిస్తుంది.

రీస్టోర్ అయ్యాక నేను చూడమనేవి ఇవి. ముందు ప్రతి ఇండెక్స్‌కీ ఈజ్_ఎనేబుల్డ్ 1 ఉందా, హ్యాజ్_క్రాల్_కంప్లీటెడ్ 1 ఉందా, ఛేంజ్_ట్రాకింగ్_స్టేట్_డెస్క్‌లో పాత సర్వర్‌లో ఉన్నదే ఉందా. బ్యాకప్ తీసే వేళకి పాపులేషన్ నడుస్తూ ఉండి ఉంటే రెండోది 0 కావొచ్చు. కదలిక లేకపోతే ఆల్టర్ ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ ఆన్ టేబుల్ స్టార్ట్ ఫుల్ పాపులేషన్ ఇవ్వండి. తర్వాత ఫుల్‌టెక్స్ట్‌కేటలాగ్‌ప్రాపర్టీతో ఐటమ్‌కౌంట్, యూనిక్‌కీకౌంట్ పాత సర్వర్ అంకెలతో పోల్చండి. పాపులేట్‌స్టేటస్ 0 అంటే ఖాళీగా ఉంది, 1 అంటే పూర్తి పాపులేషన్ నడుస్తోంది, 8 అంటే డిస్క్ నిండి ఆగింది, 9 అంటే ఛేంజ్ ట్రాకింగ్. ఆబ్జెక్ట్‌ప్రాపర్టీఎక్స్‌తో టేబుల్‌ఫుల్‌టెక్స్ట్‌పెండింగ్‌ఛేంజెస్ అడగండి. అది తగ్గుతూ సున్నాకి రావాలి. పెరుగుతూ పోతుంటే పాపులేషన్ కదలట్లేదు, లాంచర్ సర్వీసు చూడండి. టేబుల్‌ఫుల్‌టెక్స్ట్‌ఫెయిల్‌కౌంట్ సున్నా కాకపోతే క్రాల్ లాగ్ తెరవండి.

అంకెలు సరిపోయాయని వదిలేయకండి. ఐటమ్‌కౌంట్ అనేది ఇండెక్స్‌లో ఎన్ని రికార్డులు ఉన్నాయో చెబుతుంది, అందులో మాటలు సరిగా ఉన్నాయో లేదో చెప్పదు. మీ వాడుకలో ఉన్న అసలు క్వెరీలు ఒక పది తీసుకోండి. అందులో ఒకటి హైఫన్ ఉన్న నంబర్, ఒకటి పర్యాయపదం, ఒకటి పీడీఎఫ్ లోపలి మాట, ఒకటి తెలుగు మాట ఉండాలి. పాత సర్వర్ ఇంకా ఉండగానే రెండింటి మీదా నడిపి లెక్కలు పక్కపక్కన పెట్టండి. చివరగా పరీక్ష కోసం ఒక కొత్త పీడీఎఫ్ ఎక్కించి, పెండింగ్ సున్నా అయ్యాక అది దొరుకుతోందో లేదో చూడండి. ఫిల్టర్ సంగతి తేలేది ఈ ఒక్క పరీక్షతోనే.

రెండు వెర్షన్ల మాట చెప్పి ఆపుతాను. ఎవరి దగ్గరైనా ఇంకా 2005 బ్యాకప్‌లు ఉంటే, రీస్టోర్ ఫైల్‌లిస్ట్‌ఓన్లీలో (బ్యాకప్‌లో ఏ ఫైళ్లున్నాయో చూపే కమాండ్) టైప్ ఎఫ్ అని, పేరు సిస్‌ఎఫ్‌టీ_తో మొదలయ్యే వరుస కనిపిస్తుంది. అదే కేటలాగ్ ఫోల్డర్, దానికీ మూవ్ ఇవ్వాలి. రీస్టోర్‌కి ముందు ఎస్‌పీ_ఫుల్‌టెక్స్ట్_సర్వీస్ 'అప్‌గ్రేడ్_ఆప్షన్' విలువ నిర్ణయించుకోండి. 0 అయితే రీబిల్డ్, 1 అయితే రీసెట్, 2 అయితే ఇంపోర్ట్. ఇంపోర్ట్ త్వరగా అయిపోతుంది కానీ పాత వర్డ్ బ్రేకర్ ముక్కలే వస్తాయి. రీసెట్ పెడితే నిర్వచనం ఉండి లోపల ఖాళీ, ఛేంజ్ ట్రాకింగ్ ఆగిపోయి ఉంటుంది, పాపులేషన్ మీరే మొదలుపెట్టాలి.

రెండోది 2025. అందులో పాత వర్డ్ బ్రేకర్లు, ఫిల్టర్లు తీసేసి కొత్తవి పెట్టారు. పాత వెర్షన్ నుంచి వచ్చిన ఇండెక్సులకు ఇండెక్స్_వెర్షన్ 1 అని గుర్తు ఉంటుంది. వాటి మీద క్వెరీలు, పాపులేషన్లు ఉన్నపళంగా ఫెయిలవుతాయి. కేటలాగ్ రీబిల్డ్ చేస్తే వెర్షన్ 2కి వెళ్తాయి. పాతదే కావాలంటే డేటాబేస్ స్కోప్డ్ కాన్ఫిగరేషన్‌లో ఫుల్‌టెక్స్ట్_ఇండెక్స్_వెర్షన్‌ను 1 పెట్టి, పాత ఇన్‌స్టన్స్ నుంచి ఆ బైనరీలు కాపీ చేసుకోవాలి. మీరు 2019 నుంచి ఎప్పుడైనా అక్కడికి వెళ్లాలనుకుంటే పూర్తి పాపులేషన్‌కి పట్టే సమయాన్ని డౌన్‌టైమ్ లెక్కలో ముందే కలపండి.

మీ కేసులో మొదట చేయాల్సింది: థిసారస్ ఫైళ్లు రెండు సర్వర్లలో పోల్చడం, డాక్యుమెంట్ టైప్స్ పోల్చడం, తగ్గిన క్వెరీల్లో ఒకదాన్ని పార్సర్‌తో, కీవర్డ్స్‌తో చూడటం. పార్సర్, కీవర్డ్స్ ఇచ్చే ఆ రెండు ఫలితాలు ఇక్కడ పెట్టండి. పాత సర్వర్‌ని అప్పటిదాకా తీసేయకండి.